గాలికి రాలిన కాయలు

ఆ మార్చిలో మా కొండ మీద కాఫీ తోటలన్నీ ఒకేసారి పూశాయి. సరిగ్గా అదే వారం నాకు వేవిళ్లు మొదలయ్యాయి. రెండూ కలిసి రావడం నా ఖర్మ.

మొదటి వాన పడ్డ తొమ్మిదో రోజు పొద్దున్న తలుపు తీస్తే కొండంతా తెల్లగా ఉంది! కొమ్మ కొమ్మకీ దూది చుట్టినట్టు పువ్వు, మల్లెపూల బుట్టలో తల పెట్టినట్టు వాసన. గబగబా ఫోన్ తీసి ఫోటో కొట్టాను. కొట్టి, పక్కకి తిరిగి, అత్త వేసుకున్న అల్లం మడిలో భళ్లున కక్కేశాను.

"అల్లం మొక్కకి నీ ఎరువేటీ అక్కర్లేదు, అటుపక్కకెల్లి కక్కు," అంది అత్త లోపల్నుంచి.

మా అత్త పేరు సోములమ్మ. నేను సాయిదుర్గని, గాజువాక పిల్లని. బీఎస్సీ బోటనీలో నా వెనక బెంచీలో కూర్చున్న సుక్రుని నవంబర్లో పెళ్లి చేసుకుని, హుకుంపేట దాటాక జీపు దిగి నలభై నిమిషాలు నడిస్తే వచ్చే ఈ ఊరికి వచ్చేశాను. సుక్రు కాఫీ తోటల్లో మొక్కలకొచ్చే తెగుళ్లు చూసే పని చేస్తాడు, అంటే రోజంతా కొండ మీదే. ఇంట్లో మిగిలేది నేనూ, అత్తా, ఒక మేకా, నాలుగు కోళ్లు. వాటిలో నల్లపెట్ట అంటే అత్తకి ప్రాణం. దాన్ని 'అమ్మీ' అని పిలిచేది. నన్ను మాత్రం 'గుంటా' అనేది.

నాకు ఒంట్లో జరిగే ప్రతిదీ వింతే అప్పుడు. ఫోన్‌లో 'లోపల' అని ఒక ఫైలు తెరిచి, ఏది జరిగితే అది రాసేసేదాన్ని. పళ్లు తోముకుంటే వాంతి. సుక్రు షర్టు వాసనకి వాంతి, పాపం అది ఉతికిన షర్టు. కాఫీ పువ్వుకి సరే, కాఫీ గింజకి కూడా! గుండెల్లో మంట, ఎవరో లోపల అగరొత్తి వెలిగించి మర్చిపోయినట్టు. ఐరన్ టాబ్లెట్ మొదలెట్టాక దొడ్డికి నాలుగు రోజులకోసారి. అర్ధగంటకోసారి ఒంటేలుకి పరుగు, అదీ వాలులో.

ఇవన్నీ అత్తకి చెప్తే, "ఇవన్నీ రాసుకుంతన్నావా? ఓలమ్మ, రాసుకోడానికేటున్నాది, అందరికీ అవుతాది," అని నవ్వేది. కానీ వదిలెయ్యదు. తెల్లారి నేను కళ్లు తెరిచేసరికి మంచం పక్కన చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసుతో రెడీ. "లెగకు. పడుకునే రెండు గుటకలు తాగు. అలాగే కాసేపు ఉండి అప్పుడు లెగు." ఎందుకు అంటే చెప్పదు. ఊరి పైన పెద్ద బండ మీదైతే సిగ్నల్ వస్తుంది, అక్కడికి ఎక్కి చూశాను. లేవకముందే పొడి బిస్కెట్టో ఏదో కొంచెం తినమని, ఖాళీ కడుపుతో ఉంటే వికారం ఎక్కువని డాక్టర్లే చెప్తున్నారు! పరిగెత్తుకుంటూ దిగి అత్తకి చెప్పాను.

"మరి బండెందుకెక్కేవు, నన్నడిగితే పోనాది కదా," అంది.

"అడిగితే నువ్వు చెప్పలేదు కదత్తా!"

"అంబలిచ్చేను. అది సెప్పడం కాదా?"

దొడ్డికి రాకపోతే పనసపొట్టు కూర, చెంబుల కొద్దీ గోరువెచ్చటి నీళ్లు. తిన్నాక గుండెల్లో మంటకి, వెంటనే పడుకోనివ్వకుండా గడప మీద కూర్చోబెట్టి నాతో చింతపిక్కలు తీయించడం. అన్నీ కొంచెం కొంచెం పనిచేశాయి. కానీ తిన్నది నిలబడటం మాత్రం కుదరలేదు. అంబలి రెండు గుటకలు నిలిచేది, మూడోది బయటికే.

మార్చి నెలాఖరు బుధవారం అంగన్‌వాడీలో తూకం. నూకరత్నం సిస్టర్ మిషన్ మీద నన్ను ఎక్కించి, దింపి, మళ్లీ ఎక్కించింది.

"నలభై రెండున్నర. పెళ్లప్పుడెంతున్నావు?"

"నలభై ఆరు, సిస్టర్."

"వేవిళ్లు అందరికీ ఉంటాయమ్మా. నాలుగో నెల పడింది, ఇక తగ్గాలి. మంచినీళ్లు కూడా ఇమడకపోయినా, ఒంటేలు బాగా ముదురు రంగులో వచ్చినా ఆ రోజే ఫోన్ చెయ్యి, ఆగకు. రెండు వారాల్లో మళ్లీ తూస్తాను. ఇంకా తగ్గావంటే ఇక్కడ ఉంచను. ఆస్పత్రిలో సెలైన్ పెట్టాల్సిందే."

సిగ్నల్ వచ్చే బండ ఎక్కి అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అమ్మ పేరు ఉమామహేశ్వరి, పేరంత పొడుగ్గా ఏడ్చింది ఫోన్లో. ఏడుపు ఆపి, "ఆ బుధవారం నేనూ వత్తాను. తగ్గేవంటే ఆస్పత్రీ లేదు ఏటీ లేదు, తిన్నగా మనింటికే. డెలివరీ అయ్యాక సూద్దాం," అంది. పెళ్లికి ఒప్పుకున్న రోజే పెట్టిన షరతు ఇది. ఒంటికి ఏ తేడా వచ్చినా తీసుకెళ్లిపోతానని. డెలివరీ అయ్యాక చూద్దాం అంటే నాకు తెలుసు. చంటిపిల్ల చలికి ఆగలేదు, టీకాలన్నీ అయిపోనీ, అన్నప్రాశన అవనీ... ఏడాదిన్నర.

నాకు వెళ్లాలని లేదు. సుక్రు ఉన్నాడని ఒకటి. రెండోది పెళ్లిలో నా చెవిన పడ్డ మాట. ఎవరో పెద్దావిడ మా అత్తతో, "పట్నం గుంట, మన కట్టు నిలబెడతాదేటి?" అంటే అత్త, "ఏమో, ఎన్నాల్లుంటాదో సూడాల," అంది. ఇప్పుడు సంచి సర్దుకుని దిగిపోతే ఇద్దరూ ఒకేసారి గెలుస్తారు, కొండ మీద మా పిల్ల బతకలేదని అమ్మా, పట్నం గుంట నిలబడదని అత్తా. నాలుగు నెలలై ఉంటున్నాను, నాకు మిరియం తీగ కట్టడం కూడా వచ్చు, నేనెందుకు ఓడిపోవాలి?

అంటే నా పని ఒక్కటే. రెండు వారాల్లో బరువు పెరగాలి.

"ఏదైనా తినాలనిపిస్తోందా? ఏదైనా?" అని సిస్టర్ ఆ రోజే అడిగింది. నేను ఆలోచించకుండా, "పచ్చిమామిడికాయ, ఉప్పూకారం," అనేశాను. గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాతో వచ్చిన అత్త నేల చూసింది.

"కొత్త అవనేదు," అంది మెల్లగా.

ఇక్కడి కట్టు ప్రకారం ఏ పంటైనా 'కొత్త' చేసుకోకుండా నోట పెట్టరు. మామిడి కొత్త ఏప్రిల్లో. ఊరంతా కలిసి దేవతకీ, పోయిన పెద్దలకీ మొదటి కాయ పెట్టి, అప్పుడు తినాలి. అంతదాకా చెట్టు విరగకాసినా ఎవ్వరూ ముట్టరు, పిల్లలు కూడా! పట్టణంలో పక్కింటి కాయలు రాళ్లతో కొట్టి తిన్న దాన్ని నేను. ఎందుకు ముట్టరు అని అందర్నీ అడిగాను. సుక్రు బోటనీ చెప్పాడు, "ముందే తెంపేస్తే టెంక ముదరదు, ముదరకపోతే విత్తనం ఉండదు." ఊళ్లో మంచి రోజులు చూసి పూజలు చేసే దిసారి భీముడు తాత, "మీ ఇంట్లో పెద్దోల్లకి పెట్టకుండా నువ్వు తింతావేటి?" అని ఎదురు అడిగాడు. తప్పి తిన్నవాళ్లు దేవతకి కోడిని ఇచ్చి తప్పు కట్టుకోవాలట. అందరి ముందూ.

మరి అత్తేమంటుందో అని అడిగితే, "కట్టు కట్టే," అంది, అంతే.

మర్నాడు మధ్యాహ్నం గెడ్డకి, అంటే కొండవాగుకి, నీళ్లకి వెళ్లాను. దారిలో మా పెరటి మామిడి, దాని కింద బల్లలా పరిచినట్టు ఒక రాయి. రాయి మీద మూడు పచ్చికాయలు.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. నేనేం తెంపలేదు కదా, రాలినవే కదా అనుకున్నాను. అనుకుంటూనే నోట్లో నీళ్లూరి కారిపోతున్నాయి. బిందె కింద పెట్టి, కాయని రాయికేసి కొట్టి, మొదటి ముక్క కొరికాను. ఆ పులుపు చెవుల దాకా వెళ్లింది! వేవిళ్లు మొదలయ్యాక మొదటిసారి నా నోరు నా నోరులా అనిపించింది. మూడు కాయలూ తినేసి, టెంకలు గెడ్డలో పారేసి, మూతి కడుక్కుని, దొంగలా ఇంటికొచ్చి కూర్చున్నాను, ఇప్పుడు కక్కుతాను, ఇప్పుడు దొరికిపోతాను అని.

కక్కలేదు. సాయంత్రం అంబలి గ్లాసుడు తాగాను. రాత్రి అన్నం, పప్పు. అన్నీ లోపలే ఉన్నాయి.

మర్నాడు ఖాళీ టాబ్లెట్ డబ్బాలో ఉప్పూకారం కలిపి కొంగున కట్టుకుని వెళ్లాను. మళ్లీ మూడు కాయలు. ఆ మర్నాడూ మూడే.

ఇక్కడే నా బుర్రలో పురుగు తొలిచింది. 'లోపల' ఫైలు మూసి 'కాయలు' అని కొత్త ఫైలు తెరిచాను. గాలి లేదు, ఆకు కదలట్లేదు. అయినా రోజూ మూడు. రాలితే నేల మీద కదా పడాలి, రాయి మీదే ఎందుకు పడతాయి? ఇంత ఎత్తు నుంచి రాయి మీద పడితే పగలాలి, కనీసం నలగాలి. ఒక్క దెబ్బ లేదు. కోతులైతే కొరికి పారేస్తాయి. పిల్లలైతే కట్టు దాటరు. తొడిమ దగ్గర సొన ఇంకా తడిగా మెరుస్తోంది, అంటే తెంపి గంట కూడా అవలేదు. ఇంత కనిపెట్టిన దాన్ని, అసలైంది కనిపెట్టలేదు. బీఎస్సీ ఫస్ట్ క్లాస్!

ఆ వారంలోనే ఒకరోజు తెల్లవారుజామున కుడికాలి పిక్క పట్టేసింది. పిక్క లోపల ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు. "అమ్మా" అని అరిచాను. సుక్రు కంగారుగా లేచి పిక్క పిసకబోతే అత్త వాడి చెయ్యి నెట్టేసి, నా మడమ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వేళ్లని నా మొహం వైపు గట్టిగా వంచింది.

"కాలు సాపు. బిగించకు. ఊపిరి తీసుకో. నిన్న పొద్దంతా కూకునే ఉన్నావు, కొంచెం నడవమని సెప్పేనా నేదా?"

రెండు నిమిషాల్లో పట్టు వదిలింది. దీపం వెలుగులో అత్త చేతులు చూశాను. వేళ్ల మీద, మణికట్టు మీద నల్లటి మచ్చలు, చర్మం కాలినట్టు.

"ఇదేంటత్తా?"

"జీడిపిక్కలు కాల్సేను కదా. జీడి తగిలీసినాది. పడుకో."

జీడిపిక్కల సీజనే అది, నేను నమ్మేశాను. ఇంకోటి కూడా అప్పుడే గమనించాను, నల్లపెట్ట కనపడట్లేదని. అడిగితే, "ఎక్కడికో పోనాది," అని మేకని తిట్టడం మొదలెట్టింది. ప్రాణంలా చూసుకునే కోడి పోతే వెతకదేం అనుకున్నాను కూడా. దాన్ని ఏ ఫైల్లోనూ రాయలేదు.

రెండు వారాలు తిరిగాయి. అమ్మ కారులో తారురోడ్డు చివరదాకా వచ్చి, అక్కణ్ణుంచి నడిచి, ఆయాసపడుతూ తిన్నగా అంగన్‌వాడీకే వచ్చింది. చేతిలో పెద్ద సంచి. నన్ను చూడగానే, "ఏటే ఇలాగైపోనావు!" అని బుగ్గలు పట్టుకుంది. అత్త లేచి చాప వేసింది. అమ్మ కూర్చోలేదు.

మిషనెక్కాను. నూకరత్నం సిస్టర్ వంగి చూసింది.

"నలభై మూడూ ఏడు వందలు. పరవాలేదే! కేజీకి పైనే పెరిగావు."

నేను గాల్లో ఎగిరేదాన్నే. అమ్మ మొహంలో మాత్రం ఏం మారలేదు. "నలభై ఆరు ఉండేది నా కూతురు. పెరగడం అంటే నలభై ఆరు దాటితే పెరగడం," అంటూ సంచిలోంచి గాజువాక మార్కెట్లో కొన్న పచ్చిమామిడికాయలు తీసి, ఒకటి నా చేతిలో పెట్టింది. "ముందిది తిను. ఫోన్లో మామిడికాయ మామిడికాయ అని ఏడిసేవు కదా. తినీసి బయల్దేరుదాం."

గుమ్మం బయట అరుగు మీద భీముడు తాత కూర్చుని ఉన్నాడు, బీపీ చూపించుకోడానికొచ్చి. అందరూ నా చేతిలో కాయనే చూస్తున్నారు. తింటే ఇంతమంది ముందు అత్త తల దించుకోవాలి. తినకపోతే వీళ్లు నా కడుపు మాడుస్తున్నారని అమ్మ కారెక్కించేస్తుంది.

"అమ్మా, ఇక్కడ కొత్త అవ్వకుండా తినరు," అన్నాను.

"ఏటీ? కడుపుతో ఉన్న పిల్లకి కాయ పెట్టరా? వదినగారూ, ఇదేం న్యాయమండీ? మీరూ ఆడవారే కదా!"

అత్త చేతులు కొంగులో దాచుకుని నిలబడింది. రోజూ దొంగతనంగా తింటున్నది నేను, మాట పడుతున్నది ఆవిడ.

"నేను తింటున్నానమ్మా," అనేశాను. "పదమూడు రోజులుగా తింటున్నాను. చెట్టు కింద పడ్డవి. అత్తకి తెలీదు. తాతా, తప్పు నాదే, కోడిని నేనే కడతాను."

భీముడు తాత చెవి గోక్కున్నాడు. "ఎన్ని పాలి కడతారు మీ ఇంట్లో? తప్పు ఎప్పుడో ముట్టీసినాది."

"ఎప్పుడు?"

"నిన్ను మొదటిపాలి తూసినారు కదా, ఆ సాయంత్రమే మీ అత్త నల్లపెట్టని తెచ్చి అప్పజెప్పీసినాది. ఎవులు తిన్నారని నానడిగితే, ఇంకా తిన్నేదు, రేపు తింతాది అన్నాది. తినకముందే తప్పు కట్టినోల్లని నా వయసులో నాను సూన్నేదు."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. అత్త మేకని తిట్టడానికి బయటికి చూసింది. మేక అక్కడ లేదు, ఇంటి దగ్గరుంది.

నేనింకా తాత చెప్పింది ముక్క ముక్కగా కలుపుకుంటున్నాను. అమ్మ మాత్రం అప్పటికే అత్త దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లి, అడక్కుండానే కొంగులోంచి ఆ చేతులు బయటికి లాగి చూసింది.

"ఇదేటండీ వదినగారూ?"

"జీడి..."

"జీడా? ముప్పయ్యేళ్లబట్టి ఆవకాయ పెడతన్నాను, నాకు తెలీదా? ఇది మామిడి సొన. కోసేటప్పుడు తొడిమ కిందికి వంచి పట్టుకోవాలండీ, లేకపోతే చేతుల మీదే కారతాది." ఆపింది. ఇంకోసారి ఆ మచ్చలన్నీ చూసింది, లెక్కపెడుతున్నట్టు. "రోజూ కోసేరా?"

"మూడే," అంది అత్త.

అమ్మ చాప మీద కూర్చుంది. సంచిలో చెయ్యి పెట్టి కొబ్బరినూనె సీసా తీసి, అత్తని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మచ్చ మీదా రాయడం మొదలెట్టింది. తర్వాత అమ్మే, "పొద్దున్నే ఏం పెడతన్నారు దీనికి?" అని అడిగింది. అత్త అంబలి సంగతి చెప్పింది, పనసపొట్టు చెప్పింది. "నడుం నొప్పి మొదలవుతాది ఇంక," అని అమ్మంటే, "అవుతాది. ఎడంపక్కకి తిప్పి, మోకాళ్ల మద్దిన బొంత పెడతాను," అంది అత్త. నా ఒళ్లు గురించి నన్ను అడక్కుండా ఇద్దరూ అలా మాట్లాడేసుకుంటుంటే, నేను మిషన్ పక్కన కాయ పట్టుకుని నిలబడ్డాను.

"మళ్లీ రెండు వారాలకి తూస్తాను," అంది నూకరత్నం సిస్టర్ రిజిస్టర్ మూస్తూ. "వస్తారా అమ్మగారూ?"

"వత్తాను," అంది అమ్మ. "సాయీ, ఆ కాయ సంచిలో పెట్టీ. కొత్త అయ్యాక తిను."

అమ్మ కారు నేను లేకుండానే వెళ్లిపోయింది.

మామిడి కొత్త ఆ తర్వాత పది రోజులకి అయింది. ఊరంతా డప్పులు. భీముడు తాత దేవతకి కాయ పెట్టాడు, అత్త ఇంట్లో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ ఆకులో ముక్కలు పెట్టి, మొదటి ముక్క తను తిని, రెండోది నా నోటికి అందించింది. తీరా చూస్తే నా వేవిళ్లు వారం కిందే ఆగిపోయాయి! మామిడికాయ పులుపుకి పళ్లు జివ్వుమని, గుండెల్లో మంట సర్రున లేచింది. మొహం వికారంగా పెట్టాను.

"ఇప్పుడు వొద్దేటి? నా సేతులు కాల్సీసి, ఇప్పుడు వొద్దా?" అని అత్త నా వీపు మీద ఒకటి వేసింది. నవ్వుతోంది.

"అత్తా, నువ్వే పెడుతున్నావని ఒక్క మాట చెప్పొచ్చు కదా. నేను కోతులు, పిల్లలు అని ఎంత పరిశోధన చేశాను తెలుసా!"

"సెప్తే నాను కోసినట్టు, నువ్వు తిన్నట్టు. సెప్పకపోతే గాలికి రాలినట్టు. తిన్నదాని అరుగుదల మంచిగుంతాది."

"మరి కోడినెందుకిచ్చావు, గాలికి రాలితే?"

అత్త ఆకు మడిచి పక్కన పెట్టింది. "దేవతకి అబద్దం ఎలా సెప్తావే, అమ్మీ?" అంది.

అమ్మీ అంది. చుట్టూ చూశాను, కోళ్లేవీ దగ్గర్లో లేవు.

మధ్యాహ్నం గెడ్డ దారిలో ఆ రాయి మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను, అత్త చెప్పినట్టు నడుం వెనక బొంత పెట్టుకుని. ఆ రోజు గాలి గట్టిగా లేచింది. చెట్టంతా ఊగిపోయింది. ఫోన్లో 'కాయలు' ఫైలు తెరిచి పెట్టుకుని, ఏదైనా రాలుతుందేమోనని సాయంత్రం దాకా చూశాను.

రాయి మీద ఒక్కటీ పడలేదు.